వరంగల్‌లో విల్లంబుల దుకాణం మూతపడింది: ఇక బాణం కొలిచి కోసిచ్చేది ఎవరు?

రిటైర్డ్ పీఈటీ, హనుమకొండ
ఆదివారం, ఉదయం 7:40

సభ్యులందరికీ నమస్కారం. వరంగల్ చౌరస్తా నుంచి స్టేషన్ రోడ్డుకు పోయే దారిలో ఒక సందు మొదట్లో ఉండే క్రీడా సామగ్రి దుకాణం మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. ముందువైపు క్యారమ్ బోర్డులు, క్రికెట్ బ్యాట్లు, గాజు అల్మారాలో షీల్డులు కనబడేవి. వెనుక గదిలోకి పోతే గోడ పొడవునా విండ్లు వేలాడుతుండేవి. పోయిన నెలలో ఆ దుకాణం మూతపడింది. నిన్న అటు పోయి చూస్తే అక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

నేను 26 సంవత్సరాలు ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. నా దగ్గర విలువిద్య మొదలుపెట్టిన పిల్లలలో ఎక్కువమంది మొదటి విల్లు ఆ వెనుక గదిలోదే. ఆ దుకాణదారు పిల్లవాడు రాగానే విల్లు చూపేవాడు కాదు. అంగుళాల గీతలు గీసిన ఒక పొడవైన బాణాన్ని తెచ్చి, దాని వెనుక కొనను పిల్లవాడి రొమ్ముకు ఆనించి, రెండు చేతులూ ముందుకు చాపి అరచేతుల మధ్య దాన్ని పట్టుకొమ్మనేవాడు. వేళ్ల కొసలు ఏ గీత దగ్గరికి వచ్చాయో చూసుకొని, దానికి మరో రెండు అంగుళాలు కలిపి, చెవి మీది పెన్సిల్ తీసి గోడ మీదే రాసేవాడు. ‘ఎదిగే పిల్లలు గదా సార్, ఆ రెండు అంగుళాలు వాళ్ల ఎముకలకు’ అనేవాడు.

తర్వాత, దూలానికి వేలాడదీసిన స్ప్రింగు త్రాసు కొక్కేనికి నారిని తగిలించి, విల్లును కిందికి లాగుతూ ఆ పిల్లవాడి కొలత దగ్గర ముల్లు ఎన్ని పౌండ్లు చూపుతున్నదో చదివేవాడు. విల్లు మీద అచ్చువేసిన అంకెను ఆయన పట్టించుకునేవాడు కాదు. అది 28 అంగుళాలు లాగినప్పుడు వచ్చే బరువు. 23 అంగుళాలు మాత్రమే లాగగలిగే ఆరో తరగతి పిల్లవాడికి దానితో పనిలేదు. బరువైన విల్లు కావాలని తండ్రి పట్టుబట్టినా, పిల్లవాడి భుజం వణికితే అమ్మేవాడు కాదు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పిల్లలు పార్సిల్ పెట్టెతో వస్తున్నారు. నారి మార్చాలన్నా, రాలిన ఈకలు అతికించాలన్నా, బాణం కోయించాలన్నా వారిని ఎక్కడికి పంపాలో నాకు తోచడం లేదు. ఇటువంటి దుకాణాలు ఎందుకు పోతున్నాయి, ఉత్తర తెలంగాణలో ఆ పని తెలిసినవారు ఇంకా ఎవరైనా ఉన్నారా అన్నది తెలుసుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.


కాజీపేట జంక్షన్
ఆదివారం, ఉదయం 9:05

సార్, మీ బాధను కాదనను గాని, ఆ దుకాణంతో నా అనుభవం వేరు. ఆరేళ్ల కిందట డిగ్రీ చదువుతున్నప్పుడు నేను అక్కడ రికర్వ్ విల్లు, అంటే కొనలు ముందుకు వంగి ఉండే విల్లు, అడిగితే రెండే రకాలు చూపారు. ఒకదానికి 9,000 రూపాయలు చెప్పారు. అదే విల్లు, అదే కంపెనీది, ఇంటికి తెచ్చి ఇచ్చినందుకు కూడా కలిపి ఆన్‌లైన్‌లో 6,800కు దొరికింది. బిల్లు కావాలంటే ఆయన ముఖం మాడ్చుకున్నారు. ఏ విల్లుకు ఏ బాణం సరిపోతుందో ఎట్లా లెక్కవేస్తారని అడిగితే ‘అది నీకెందుకు, నేనిచ్చింది తీసుకుపో’ అన్నారు. ఆ లెక్క మూడు నెలల తర్వాత ఒక కొరియా శిక్షకుడి వీడియో చూస్తే నాకు అర్థమైంది.

విద్యను గుప్పిట్లో పెట్టుకొని బతికిన దుకాణం, ఆ గుప్పిట తెరుచుకున్నాక మూతపడితే దానికి ఎంత దుఃఖించాలో నాకు తెలియదు. మన ఊళ్లో హంటర్ రోడ్డు అని పేరు పెట్టుకున్న దారి ఉన్నది గాని, ఆ దారి పొడవునా వెతికినా నారి లాగేటప్పుడు వేళ్లకు రక్షణగా పెట్టుకునే ఫింగర్ ట్యాబ్ ఒక్కటి దొరకదు. ఆన్‌లైన్ లేకపోతే నేను విలువిద్యే మానేసేవాణ్ని.


మానేరు తీరం, కరీంనగర్
ఆదివారం, మధ్యాహ్నం 2:30

కాజీపేట తమ్ముడు రాసినట్లే నేనూ అనుకున్నాను. మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను, అందరికీ పనికివస్తుంది.

మా అమ్మాయికి 13 ఏళ్లు. నిరుడు వేసవిలో డజను కార్బన్ బాణాలు ఆన్‌లైన్‌లో తెప్పించాను. అవి 26 అంగుళాలకు కోసి వచ్చాయి, అప్పటికి సరిగానే ఉన్నాయి. తర్వాత ఎనిమిది నెలలలో అమ్మాయి ఎదిగింది. బడి గౌను పొట్టి అయిందని వాళ్లమ్మ గమనించింది గాని, బాణం పొట్టి అయిందని మాలో ఎవరూ గమనించలేదు. ఒకరోజు సాయంత్రం విల్లు పూర్తిగా లాగినప్పుడు బాణం మొన, విల్లు మీద బాణం ఆనే రెస్టును దాటి లోపలికి, చేతివైపుకు వచ్చేసింది. ఆమె చూపు గురి మీదే ఉన్నది, వదిలేసింది. బాణం విల్లు పిడికి గుద్దుకొని చీలిపోయింది. చీపురు పుల్లలకన్నా సన్నని నల్లని పీచు ముక్కలు ఎడమచేతి బొటనవేలి కింద దిగాయి. ఆసుపత్రిలో నాలుగు తీశారు. ఐదోది ఎక్స్‌రేలో కనబడలేదు. వారం తర్వాత చీముతో పాటు దానంతట అదే బయటికి వచ్చింది.

అమ్మిన సంస్థకు రాస్తే, కొలత సరిచూసుకోవడం కొనుగోలుదారుడి బాధ్యత అని జవాబు వచ్చింది. న్యాయంగా చూస్తే అది నిజమే. కాని పీఈటీ సార్ చెప్పిన ఆ ‘రెండు అంగుళాలు ఎముకలకు’ అన్న మాట ఇవాళ చదివాక రెండుసార్లు కన్ను చెమర్చింది. మిగిలిన పదకొండు బాణాలు అటక మీద ఉన్నాయి. వాటిని మళ్లీ ముట్టుకోవచ్చునా, లేదా?


రిటైర్డ్ పీఈటీ, హనుమకొండ
ఆదివారం, రాత్రి 8:15

మానేరు తీరం గారూ, అమ్మాయి చేయి పూర్తిగా నయమైందని తలుస్తాను. ఆ పదకొండు బాణాలూ మీ అమ్మాయికి పొడవు చాలవు కాబట్టి ఆమెకు పనికిరావు. ఇంకా చిన్న పిల్లలకు ఇవ్వాలన్నా ఒక్కొక్కదాన్నీ రెండు కొనల దగ్గర పట్టుకొని, ముఖానికి దూరంగా కొద్దిగా వంచి, చుట్టూ తిప్పుతూ చెవి పెట్టి వినండి. టిక్కుమని చప్పుడు వచ్చినా, గోటికి గరుకు తగిలినా దాన్ని విరిచేయాలి. పక్కన పెడితే చాలదు. పక్కన పెట్టిన బాణం ఎప్పుడో ఒకనాడు మళ్లీ అమ్ములపొదిలోకి వస్తుంది.

ఇక కాజీపేట తమ్ముడు అడిగిన లెక్క సంగతి. బాణం విల్లును వదిలేటప్పుడు కర్రలా నిటారుగా పోదు. నీళ్లలో చేప పోయినట్లు అటూ ఇటూ ఒంపులు తిరుగుతూ పిడిని తప్పించుకొని పోతుంది. ఆ ఒంపు ఎంత ఉండాలో అంతే ఉంటే గురికి పోతుంది. బాణం ఎంత మెత్తనో కొలిచే అంకెను స్పైన్ అంటారు. 28 అంగుళాల ఎడంలో ఉన్న రెండు ఆధారాల మీద బాణాన్ని అడ్డంగా ఉంచి, సరిగ్గా మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అది అర అంగుళం కుంగితే దాని స్పైన్ 500. అంకె పెరిగిన కొద్దీ బాణం మెత్తన. అదే బాణాన్ని పొడవుగా ఉంచితే మరింత మెత్తగా, కోసి పొట్టి చేస్తే మరింత బిరుసుగా ప్రవర్తిస్తుంది. కుడిచేతి వాటం వారికి బాణం మరీ బిరుసైతే ఎడమకు, మరీ మెత్తనైతే కుడికి పోతుంది. ఇది తెలియని తల్లిదండ్రులు, కొందరు శిక్షకులు కూడా, తప్పంతా పిల్లల గురి మీద వేస్తారు. నేను కూడా నా ఉద్యోగం మొదటి నాలుగేళ్లూ అదే చేశాను.


కాజీపేట జంక్షన్
ఆదివారం, రాత్రి 8:52

సార్, ఒక చిన్న సందేహం. మానేరు తీరం అన్నగారి బాణాలు 26 అంగుళాలవి. 28 అంగుళాల ఎడంలో ఉన్న ఆధారాల మీద 26 అంగుళాల బాణాన్ని ఎట్లా నిలబెడతారు? మధ్యలోంచి కింద పడిపోతుంది గదా. కోసిన బాణం స్పైను ఇంట్లో కొలవడం సాధ్యమేనా?


రిటైర్డ్ పీఈటీ, హనుమకొండ
ఆదివారం, రాత్రి 9:10

మంచి ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. ఆ దుకాణదారు అటువంటివి కొలవడం మాత్రం నేను కళ్లారా చూశాను.


వెదురుపొద, ఏటూరునాగారం
సోమవారం, ఉదయం 6:20

అందరూ పట్నం దుకాణం గురించే మాట్లాడుతున్నారు. మా వైపు నుంచి చూస్తే, విల్లు పట్నంలో డబ్బు పెట్టి కొనే వస్తువుగా మారిన రోజే అసలు నష్టం మొదలైంది. మీ దుకాణం ఆ కథలో చివరి పేజీల్లో ఎక్కడో వస్తుంది.

నేను ఇక్కడ ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్నాను. మొదట చేరిన ఊళ్లో ఒక కోయ పెద్దాయన విల్లు చేసే తీరు దగ్గర కూర్చొని చూశాను. ముళ్ల వెదురును ఆయన ముట్టేవాడు కాదు, దాని లోపల బోలు ఎక్కువ. సాధనపు వెదురులో మూడేళ్లు దాటిన బొంగును, చలికాలంలో, వెన్నెల తగ్గే పక్షంలో నరికేవాడు. వెన్నెలకూ వెదురుకూ సంబంధం ఏమిటో నాకు తెలియదు గాని, చలికాలంలో నరికిన బొంగులో పిండి పదార్థం తక్కువగా ఉంటుందనీ, పురుగు ఆ పిండి కోసమే వస్తుందనీ తర్వాత చదువుకున్నాను. వాగులో నానేసి, ఆరబెట్టి, పొయ్యి మీది అటకపై పొగ తగిలేటట్లు నెలల తరబడి ఉంచేవాడు. తర్వాత కత్తితో చెక్కుతూ, అరగంటకొకసారి మోకాలికి ఆనించి వంచి చూసేవాడు. రెండు కొమ్ములూ ఒకే తీరుగా వంగేదాకా చెక్కడమే పని. అల్లెతాడు కూడా వెదురు బద్దదే. పని అయిపోగానే నారి దించి పెట్టేవాడు. ‘రాత్రంతా ఎక్కుపెట్టి ఉంచితే విల్లుకు బద్ధకం వస్తుంది’ అన్న మాట ఆయనదే.

ఇదంతా ఎందుకు పోయిందంటే కారణాలు చాలా ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరమైంది, కాబట్టి విల్లుకు పని తగ్గింది. ఆ చట్టం అవసరమే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. వెదురు సంగతి వేరు. 1927 అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కగట్టింది. వృక్షశాస్త్రం ప్రకారం అది గడ్డి జాతి అని పదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. కాగజ్‌నగర్ కాగితపు మిల్లుకు లారీలకు లారీలు వెదురు పోయిన రోజుల్లో, విల్లు కోసం ఒక బొంగు నరికిన మనిషి ఫారెస్టు వాళ్లకు భయపడవలసి వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. 2017లో అడవి బయట పెంచిన వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు. అప్పటికి చెక్కే చేతులు మిగలలేదు.

ఇండియన్ రౌండ్ పోటీలు 50 మీటర్లు, 30 మీటర్లలో వెదురు విల్లు, వెదురు బాణాలతోనే జరుగుతాయి. మా పిల్లలు ఆ పోటీలకు పోయేటప్పుడు పట్టుకుపోయే విండ్లు ఎక్కడో ఈశాన్య రాష్ట్రాల నుంచో, జార్ఖండ్ నుంచో వస్తాయి. మేడారం జాతరకు గద్దెల మీదికి కంకవనం తెచ్చేది మా అడవి వెదురే. అదే అడవి పక్క పిల్లలు విల్లు కోసం దేశానికి ఆ కొసన ఉన్న వెదురు మీద ఆధారపడుతున్నారు.


పద్దు పుస్తకం, జనగామ
సోమవారం, ఉదయం 11:45

నాకు విల్లు పట్టుకోవడం రాదు. కాని రెండు క్రీడా సామగ్రి దుకాణాలకు చాలా ఏళ్లు లెక్కలు రాశాను కాబట్టి ఒక మాట చెప్పగలను. మీరంతా విలువిద్య దుకాణం పోయిందంటున్నారు. నా దృష్టిలో అటువంటి దుకాణం ఏనాడూ లేదు. ఉన్నది షీల్డుల దుకాణం. వెనుక గది దాని మీద బతికింది.

లెక్క వేసి చూడండి. ఒక పిల్లవాడు ఒకసారి విల్లు కొంటే మళ్లీ మూడు, నాలుగేళ్ల దాకా కొనడు. మధ్యలో ఒక నారి, నాలుగు ఈకలు, బాణం వెనుక కొనకు తొడిగే నాక్‌లు రెండు కొంటాడు. అన్నీ కలిపినా ఏడాదికి వెయ్యి రూపాయలు దాటవు. ఊరంతా కలిపి వంద మంది పిల్లలు ఉన్నారనుకున్నా ఆ అమ్మకం మీద వచ్చే లాభంతో చౌరస్తా దగ్గర రెండు నెలల అద్దె కూడా వెళ్లదు. పైగా సరుకు ఉంచడం ఎంత కష్టమో చూడండి: కుడిచేతివి, ఎడమచేతివి, పొడవులు మూడు, బరువులు ఆరు. అడిగినది లేదంటే మనిషి వెళ్లిపోతాడు, అన్నీ ఉంచితే డబ్బు గోడకు వేలాడుతుంది. నేను లెక్కలు రాసిన ఒక దుకాణంలో ఎడమచేతి వాటం విల్లు ఒకటి పదకొండేళ్లు స్టాకు పుస్తకంలో కనబడింది. ఏటా దాని పేరు రాస్తూ రాస్తూ నాకు దాని మీద మమకారం ఏర్పడింది.

ఆ నష్టాన్ని పూడ్చింది బడుల వార్షికోత్సవాలకు, గణేశ్ నవరాత్రుల పోటీలకు పోయే షీల్డులు, కప్పులు, టీ షర్టులు. ఇప్పుడు షీల్డు మీద పేరు చెక్కించాలన్నా ఫోనులోనే ఆర్డరు పెడుతున్నారు. విల్లు కొనేవారు పోయినందుకు ఆ వెనుక గది మూతపడలేదు, కప్పులు కొనేవారు పోయినందుకు మూతపడింది.

ఇక బడుల కొనుగోలు సంగతి. మూడు కొటేషన్లు తీసుకొని తక్కువ ధర చెప్పినవారికి ఇవ్వాలి. కొలిచి ఇచ్చేవాడు కొలత ఖర్చు ధరలో కలుపుతాడు, కాబట్టి అతను ఎప్పుడూ మూడో స్థానంలోనే ఉంటాడు. పేరు చెప్పను గాని, ఒక పాఠశాలకు ఒకేసారి ఇరవై విండ్లు వచ్చాయి, ఇరవైకి ఇరవై 30 పౌండ్లవే. ఆరో తరగతి వారికీ అవే, పదో తరగతి వారికీ అవే. కాగితం మీద అంతా సక్రమం.


ఓరుగల్లు టు మిషిగన్
సోమవారం, రాత్రి 10:30

పద్దు పుస్తకం గారి మాట చదివి ఆశ్చర్యపోయాను, ఎందుకంటే ఇక్కడి దుకాణదారులు దాదాపు ఇదే చెబుతారు. నేను మట్టెవాడలో పెరిగి, పద్దెనిమిదేళ్లుగా మిషిగన్‌లో ఉంటున్నాను. విలువిద్యకు ఇది పుట్టినిల్లు లాంటి రాష్ట్రం. ఫ్రెడ్ బేర్ 1933లో డెట్రాయిట్‌లో మొదలుపెట్టి, తర్వాత గ్రేలింగ్ అనే చిన్న ఊరికి మార్చిన విండ్ల కర్మాగారం ఈ దేశంలో చాలామందికి మొదటి విల్లు ఇచ్చింది. అది 1978లో ఫ్లోరిడాకు తరలిపోయింది.

ఇక్కడ సంప్రదాయ విల్లు దుకాణాలకు మొదటి దెబ్బ ఆన్‌లైన్ కన్నా చాలా ముందే తగిలింది. మిస్సోరి వాసి హోలెస్ విల్బర్ ఆలెన్‌కు 1969లో కప్పీల విల్లుకు, అంటే కాంపౌండ్‌కు, పేటెంటు వచ్చింది. పూర్తిగా లాగిన తర్వాత చేతి మీద బరువు బాగా తగ్గిపోయే విల్లు అది. వేటగాళ్లు అటు తిరిగారు. కొయ్య విండ్లు, దేవదారు బాణాలు అమ్మేవారు ఇళ్ల వెనుక షెడ్లలోకి సర్దుకున్నారు. రెండో దెబ్బ మాత్రం మీరు చెబుతున్నదే. అయితే కాంపౌండ్ విల్లుకు ఒక గుణం ఉన్నది: దాని నారిని ఇంట్లో చేత్తో మార్చలేరు, బో ప్రెస్ అనే బిగింపు యంత్రం కావాలి. అందువల్ల విల్లు ఎక్కడ కొన్నా మరమ్మతుకు మనిషి దుకాణానికే రావాలి. మా ఊరి దుకాణంలో బల్ల మీద రెండు ధరల పట్టికలు ఉన్నాయి. ఇక్కడ కొన్న విల్లుకు ఒక కూలి, బయటి నుంచి తెచ్చిన విల్లుకు దాదాపు రెండింతల కూలి. మొదట్లో చాలామంది గొణిగారు, ఇప్పుడు మాట్లాడకుండా ఇస్తున్నారు. మన దగ్గర ఆ దుకాణదారు కొలిచినందుకు విడిగా డబ్బు తీసుకునేవాడా?

ఇంకొక సంగతి. ఇక్కడ విండ్ల మీద తయారీదారు దగ్గరే 11 శాతం ప్రత్యేక పన్ను ఉంటుంది. తుపాకుల మీద ఉన్న పన్నును 1937లో వన్యప్రాణుల కోసం కేటాయించారు, 1972లో చట్టం సవరించి విండ్లకూ విస్తరించారు. ఆ డబ్బు వన్యప్రాణుల సంరక్షణకు, గురి నేర్చుకునే మైదానాలకు పోతుంది. మైదానం ఉన్న చోట దుకాణానికి గిరాకీ ఉంటుంది. నేను చూసినంతలో దుకాణం ఒంటరిగా బతకదు.


రిటైర్డ్ పీఈటీ, హనుమకొండ
మంగళవారం, ఉదయం 6:55

కొలిచినందుకు ఆయన ఏనాడూ డబ్బు తీసుకోలేదు. తీసుకోవాలన్న ఆలోచన ఆయనకూ రాలేదు, ఇవ్వాలన్న ఆలోచన మాకూ రాలేదు. మీరు అడిగేదాకా ఆ సంగతి నాకు తట్టనే లేదు.


లక్ష్యం 50 మీటర్లు, పెద్దపల్లి
మంగళవారం, ఉదయం 10:10

నేను కాంపౌండ్ అమ్మాయిని, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మిషిగన్ అన్నగారు చెప్పిన బో ప్రెస్ కోసం నేను హైదరాబాదుకు పోతాను. నారి మీద చుట్టిన దారం ఊడిపోతే ఒక రోజు కాలేజీ, రైలు టికెట్టు, భోజనం ఖర్చు. అక్కడ పని ఇరవై నిమిషాలు. ఒకసారి రైల్వే పోలీసు పెట్టె తెరిపించి, విల్లును అటూ ఇటూ చూసి, ‘వీణనా తల్లీ’ అని అడిగాడు. అవునని చెబుదామనిపించింది.

మా జిల్లాకు చెందిన తానిపర్తి చికిత గారు 2025 ఆగస్టులో కెనడాలోని విన్నిపెగ్‌లో జరిగిన ప్రపంచ యూత్ పోటీల్లో అండర్-21 కాంపౌండ్ స్వర్ణం గెలిచాక, మా ఊళ్లో నలుగురైదుగురు తల్లిదండ్రులు నన్ను వచ్చి అడిగారు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ చేర్చడంతో ఆ ఆశ ఇంకా పెరిగింది. వారందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: విల్లు ఎక్కడ కొనాలి? నేను ఒక లింకు పంపుతాను. రెండో ప్రశ్న వచ్చినప్పుడు, అంటే పాడైతే ఎక్కడ బాగుచేయించాలి అన్నప్పుడు, నేను మాట మారుస్తాను.

విజయవాడను చూస్తే కుళ్లు పుడుతుంది. చెరుకూరి వోల్గా పేరిట వెలిసిన అకాడమీ అక్కడ ఉన్నందువల్ల ఆ నగరంలో విల్లు పట్టుకోవడం వింత పని కాదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చిన వెన్నం జ్యోతి సురేఖ గారు, పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టులో నాలుగో స్థానం దాకా పోయిన బొమ్మదేవర ధీరజ్ గారు ఆ ఊరివారే.

కాజీపేట అన్నా, ఒక మాట. ఆ దుకాణదారు మీకు లెక్క చెప్పలేదన్నారు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒకసారి మా నాన్నతో పోయాను. నాకు చెప్పాడు. బహుశా నేను బిల్లు అడగనందుకేమో!


కాజీపేట జంక్షన్
మంగళవారం, సాయంత్రం 5:40

చెల్లె మాటకు నవ్వొచ్చింది. ఒప్పుకుంటాను, నేను అడిగిన తీరులో కూడా లోపం ఉన్నది. అప్పుడు చేతిలో ఫోను పెట్టుకొని ఆన్‌లైన్ ధర చూపిస్తూ అడిగాను. అయినా ధర విషయంలో నా మాట మార్చుకోను. విద్యార్థికి 2,200 రూపాయలు చిన్న మొత్తం కాదు. పద్దు పుస్తకం గారు చెప్పినట్లు ఆ తేడా కొలత కూలి అయితే, దాన్ని కూలి అని విడిగా చెప్పి ఉండాల్సింది. ‘విల్లు 6,800, కొలిచి అమర్చినందుకు 700’ అంటే నేను ఇచ్చేవాణ్ని. ఆయన అంతా ఒకే ధరలో కలిపి చెప్పడంతో, నాకు ఆయన దోచుకుంటున్నట్లు కనబడ్డాడు.

పీఈటీ సార్, ఆయన ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు?


నిర్వాహకుడు
మంగళవారం, సాయంత్రం 6:00

ఎవరి పేరు, ఇంటి చిరునామా, ఫోను నంబరు ఇక్కడ రాయవద్దని మనవి. కావలసినవారు పీఈటీ గారికి వ్యక్తిగత సందేశం పంపండి.


రిటైర్డ్ పీఈటీ, హనుమకొండ
శనివారం, రాత్రి 9:30

మానేరు తీరం గారు ఆ పదకొండు బాణాలను ఆర్టీసీ కార్గోలో నాకు పంపారు. వాటిని తీసుకొని ఇవాళ ఆ దుకాణదారు ఇంటికి పోయాను. విండ్లన్నీ అమ్మేశాడు. పనిముట్లు మాత్రం ఒక ఇనుప పెట్టెలో మంచం కింద ఉన్నాయి: నారికి దారం చుట్టే చట్రం, ఈకలు అతికించే మూడు బిగింపులు, ఒక టేకు పలక. ఆ పలక మీద 28 అంగుళాల ఎడంలో రెండు మేకులు, వాటి లోపల 23 అంగుళాల ఎడంలో మరో రెండు మేకులు ఉన్నాయి. బరువు మాత్రం పాత తూకం రాయి. అడుగున సీసం పోసి సరిగ్గా 880 గ్రాములకు తెచ్చానన్నాడు.

కాజీపేట తమ్ముడి ప్రశ్నకు జవాబు ఆ లోపలి మేకులే. కోసిన బాణాన్ని 23 అంగుళాల మేకుల మీద పెడతారు. ఎడం తగ్గింది కాబట్టి కుంగడం కూడా తగ్గుతుంది. 28 మీద కుంగేదానిలో సగం కన్నా కొద్దిగా ఎక్కువ. ఏ కుంగుకు ఏ స్పైను అన్నది పలక వెనుక వైపు నీలి సిరాతో పట్టిక రాసి అతికించుకున్నాడు. నేను ఇంటికి వచ్చి లెక్క వేశాను. ఎడం ఘనం చొప్పున తగ్గాలి: 23ను 28తో భాగించి, వచ్చినదాని ఘనం తీస్తే 0.55 వస్తుంది. ఆయన పట్టిక కూడా అదే చెబుతున్నది. ఏడో తరగతితో చదువు ఆపిన మనిషి, ఒక్కొక్క బాణాన్నే రెండు చోట్లా పెట్టి చూసి ఆ పట్టిక తయారుచేసుకున్నాడు.

పెట్టె మూత తీయడానికి మొదట ఇష్టపడలేదు. అమ్మాయి చేతి సంగతి చెప్పాను. అప్పుడు కళ్లద్దాలు తెచ్చుకున్నాడు.

బాణాలన్నిటి మీదా 800 అనే ముద్రించి ఉన్నది. 23 అంగుళాల మీద 800 బాణం 11.3 మిల్లీమీటర్ల దాకా కుంగాలి. ఏడు బాణాలు ఆ అంకెకు అటూ ఇటూ వెంట్రుక వాసిలో నిలిచాయి. మూడు 12.3 దాకా కుంగాయి, అంటే అవి దాదాపు 870వి. ఒకే డజనులో రెండు రకాలు. మీ అమ్మాయి బాణాల్లో కొన్ని ఎప్పుడూ కుడివైపుకే పోయేవా అని ఆయన అడిగాడు. నాకు తెలియదన్నాను; మీరు అమ్మాయిని అడిగి చెప్పండి. పదకొండోదాన్ని వంచుతుండగానే టిక్కుమన్నది. నేను విన్నాను. ఆయన దాన్ని మోకాలి మీద విరిచి కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఏడింటికి ఎర్రదారం, మూడింటికి నల్లదారం చుట్టి సోమవారం కార్గోలో తిరిగి పంపుతున్నాను. ఎర్రదారంవి ఎవరైనా చిన్న పిల్లలకు ఇవ్వవచ్చు. అయితే ముందు ఆ పిల్లల చేతులు చాపించి పొడవు చూడండి.

కొలిచినందుకు ఎంత ఇవ్వాలని అడిగితే, ఏమీ వద్దన్నాడు. కాజీపేట తమ్ముడు రాసిన మాట చదివి వినిపించాను, విల్లు ఇంత, కొలత ఇంత అన్నది. కొంచెంసేపు ఆలోచించి, ‘బాణానికి పది రూపాయలు’ అన్నాడు. నూటపది ఇచ్చాను. విరిచిన దానికి తీసుకోనని పది తిరిగి ఇచ్చాడు.

ఆదివారాలు ఉదయం పది దాకా ఇంట్లోనే ఉంటానన్నాడు. రావాలనుకునేవారు నాకు సందేశం పంపండి. పెద్దపల్లి అమ్మా, బో ప్రెస్ ఆయన దగ్గర లేదు. తమ్ముడూ, నిన్ను ఆయన మరిచిపోలేదు. ‘ఫోను చూపించి బిల్లు అడిగిన పిల్లగాడే గదా, ఎడమ భుజం పైకి లేపుతాడు, ఇంకా లేపుతున్నాడా?’ అని అడిగాడు.


కాజీపేట జంక్షన్
శనివారం, రాత్రి 9:48

లేపుతున్నాను సార్. రేపు ఉదయం ఎనిమిదింటికి వస్తానని చెప్పండి.